మొదటి రెండు వారాల్లో తల్లిపాలు నిలదొక్కుకోవాలంటే ఏం చేయాలి

కాన్పయిన రెండో రోజో మూడో రోజో బిడ్డ ఆగకుండా ఏడుస్తుంది. "పాలు చాలడం లేదేమో, డబ్బా పాలు తెప్పించండి" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ఎక్కువ మంది తల్లుల విషయంలో ఆ మాట నిజం కాదు. కానీ దాన్ని నమ్మి డబ్బా మొదలుపెడితే వారం తిరిగేసరికి నిజంగానే పాలు తగ్గుతాయి. రొమ్ములోంచి తీసినన్ని పాలే మళ్లీ ఊరతాయి, తీయకపోతే ఊరడం తగ్గుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే కింద చెప్పినవన్నీ తేలికగా అర్థమవుతాయి.

రొమ్ము పాలు ఎలా తయారు చేస్తుంది

ఆడపిల్లకు సాధారణంగా 8 నుంచి 13 ఏళ్ల మధ్య చనుమొన కింద చిన్న గట్టి బిళ్లలా తగులుతుంది. ఒక్కోసారి ఒక వైపు ముందు, రెండో వైపు కొన్ని నెలల తర్వాత వస్తుంది. అందులో కంగారు పడాల్సిందేమీ లేదు. ఆ వయసులో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ప్రభావంతో పాల నాళాలు కొమ్మలేస్తాయి, చుట్టూ కొవ్వు చేరుతుంది. పాలు చేసే తిత్తులు మాత్రం గర్భం వచ్చాకే గుత్తులుగా పెరుగుతాయి. గర్భం సగానికి వచ్చేసరికి ముర్రుపాలు తయారవడం మొదలవుతుంది, కానీ మాయ నుంచి వచ్చే ప్రొజెస్టరాన్ పాలు పొంగకుండా ఆపి ఉంచుతుంది. మాయ బయటపడగానే ఆ హార్మోన్ పడిపోతుంది. ఆ తర్వాత 48 నుంచి 72 గంటల్లో పాలు పొంగుతాయి.

అందుకే మొదటి రెండు రోజులు పాలు కొంచెంగానే ఉంటాయి, ఉండాల్సిందీ అంతే. మొదటి రోజు ఒక్కో విడతకు 2 నుంచి 10 మిల్లీలీటర్లు, రెండో రోజు 5 నుంచి 15, మూడో రోజు 15 నుంచి 30, నాలుగో రోజు 30 నుంచి 60. అప్పుడే పుట్టిన బిడ్డ కడుపుకు అవి సరిపోతాయి.

ఇక్కడ రెండు హార్మోన్లు పనిచేస్తాయి. బిడ్డ చీకుతుంటే ప్రొలాక్టిన్ పెరిగి తిత్తులు పాలు చేస్తాయి, ఇది రాత్రివేళ ఎక్కువగా ఉంటుంది. ఆక్సిటోసిన్ తిత్తుల చుట్టూ ఉన్న కండరాలను బిగించి పాలను ముందుకు తోస్తుంది, పాలు చేపుకు రావడం అంటే ఇదే. నొప్పి, భయం, అవమానం ఆ చేపును తాత్కాలికంగా ఆపగలవు. బాలింతను "నీకు పాలే లేవు" అని నలుగురి ముందు అనడం వల్ల జరిగే నష్టం ఇక్కడే. వీటికి తోడు, నిండిపోయిన రొమ్ము తనంతట తానే తయారీ తగ్గించుకుంటుంది. బిడ్డ ఒక్క వైపే తాగితే ఆ ఒక్క వైపే పాలు పెరిగేది ఇందుకే.

రొమ్ము సైజు ఎక్కువగా కొవ్వును బట్టి ఉంటుంది. చిన్న రొమ్ములున్న తల్లికీ రోజు మొత్తం మీద సరిపడా పాలే వస్తాయి. ఒకసారికి పట్టే నిల్వ తక్కువ కావచ్చు, బిడ్డ ఇంకాస్త తరచుగా తాగుతుంది, అంతే తేడా.

కాన్పుకు ముందే చూసుకోవాల్సినవి

ఏడో నెల తర్వాత ఒకసారి డాక్టరుకు రొమ్ములు చూపించండి. గర్భంలో రొమ్ములు ఏమాత్రం పెరగకపోయినా, రెండింటి మధ్య ఎడం బాగా ఎక్కువగా ఉండి గొట్టాల్లా సన్నగా ఉన్నా, ఇంతకు ముందు రొమ్ముకు ఆపరేషన్ జరిగినా, ముఖ్యంగా చనుమొన చుట్టూ కోసి ఉంటే, ముందే చెప్పాలి. థైరాయిడ్, షుగర్, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే అండాశయ సమస్య) ఉన్నవారికి పాలు పొంగడం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. వీరికి కాన్పు రోజునుంచే సాయం అందాలి.

చనుమొన లోపలికి ఉంటే గర్భంలో లాగడం, సిరంజితో పీల్చడం అక్కర్లేదు. బిడ్డ పట్టేది చనుమొనను మాత్రమే కాదు, దాని చుట్టూ ఉన్న నల్లటి వలయాన్ని కూడా.

మొదటి గంట

పుట్టిన వెంటనే బిడ్డను పొడిగా తుడిచి, బట్టలు లేకుండా తల్లి ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి, ఇద్దరి మీదా దుప్పటి కప్పాలి. బిడ్డ ముఖం కనబడుతూ, ముక్కు మూసుకుపోకుండా, ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. అలా వదిలితే చాలామంది పిల్లలు గంటలోపే రొమ్ము వెతుక్కుంటారు. సిజేరియన్ అయినా, తల్లి మెలకువగా ఉంటే ఆపరేషన్ బల్ల మీదే ఇది చేయొచ్చు. ఆస్పత్రిలో చేరేటప్పుడే అడిగి పెట్టుకోండి. తీరా ఆ సమయానికి అడిగితే ఎవరికీ తీరిక ఉండదు.

తేనె, పంచదార నీళ్లు, ఆముదం, గాడిద పాలు, ఏవీ నాకించకూడదు. తేనెలో ఉండే బొటులిజం సూక్ష్మజీవి ఏడాది లోపు పిల్లలకు ప్రాణాంతకం కావచ్చు. మిగతావి కడుపు నింపి చీకాలన్న కోరికను చంపుతాయి. పసుపుపచ్చగా, చిక్కగా వచ్చే ముర్రుపాలను "పాత పాలు" అని పిండి పారబోయడం ఇప్పటికీ కొన్నిచోట్ల ఉంది. రోగనిరోధక శక్తినిచ్చే యాంటీబాడీలు అత్యధికంగా ఉండేది అందులోనే, ఒక్క చుక్క కూడా పోనివ్వొద్దు.

రొమ్ము పట్టించే తీరు

చనుమొనలు పగలడం, పాలు సరిగ్గా తీయలేకపోవడం, రొమ్ము గడ్డకట్టడం, ఈ మూడింటికీ తరచుగా మూలం ఒక్కటే: బిడ్డ చనుమొనను మాత్రమే చిగుళ్లతో పట్టడం.

ముందు మీరు వీపు ఆనించుకుని కూర్చోండి. బిడ్డ దగ్గరికి మీరు వంగకూడదు, బిడ్డను మీ దగ్గరికి తీసుకోవాలి. బిడ్డ పొట్ట మీ పొట్టకు ఆనాలి, చెవి, భుజం, తుంటి ఒకే వరుసలో ఉండాలి. మెడ పక్కకు తిప్పి తాగడం ఎంత కష్టమో మీరే తల తిప్పి నీళ్లు తాగి చూస్తే తెలుస్తుంది. బిడ్డ ముక్కు చనుమొనకు ఎదురుగా వచ్చేలా పట్టుకుని, పై పెదవిని చనుమొనతో తాకించండి. ఆవులించినంత పెద్దగా నోరు తెరిచేదాకా ఆగండి. తెరిచిన క్షణంలో బిడ్డ భుజాలను మీ వైపు ఒత్తండి, గడ్డం ముందు రొమ్ముకు తగలాలి. తల వెనక చెయ్యి పెట్టి నెట్టొద్దు, బిడ్డ ఎదురుతిరుగుతుంది.

సరిగ్గా పడితే గడ్డం రొమ్ములోకి ఆని ఉంటుంది, కింది పెదవి బయటికి తిరిగి ఉంటుంది, నల్లటి వలయం కింది భాగం కంటే పై భాగమే ఎక్కువ కనిపిస్తుంది, బుగ్గలు గుండ్రంగా ఉంటాయి. మొదటి కొన్ని గుటకల దాకా కాస్త నొప్పి ఉండొచ్చు. అర నిమిషం దాటినా నొప్పి తగ్గకపోతే, లేదా తాగి వదిలాక చనుమొన లిప్‌స్టిక్ కొనలా ఏటవాలుగా నొక్కుకుపోయి కనిపిస్తే పట్టు సరిగ్గా లేదు. చిటికెన వేలు బిడ్డ నోటి మూలలోంచి చిగుళ్ల మధ్యకు పెట్టి విడిపించి మళ్లీ మొదలుపెట్టండి. లాగి విడిపిస్తే చనుమొన పగులుతుంది.

సిజేరియన్ అయినవారు బిడ్డను చంక కింద, కాళ్లు వెనక్కి వచ్చేలా పట్టుకుంటే కుట్ల మీద బరువు పడదు. రాత్రిళ్లు పక్కకు తిరిగి పడుకుని ఇవ్వొచ్చు. సోఫాలో పడుకుని మాత్రం ఇవ్వకండి, తల్లి నిద్రపోతే బిడ్డ మెత్తల మధ్య ఇరుక్కుంటుంది.

ఎన్నిసార్లు, చాలుతున్నాయా

24 గంటల్లో 8 నుంచి 12 సార్లు. ఇది గడియారం చూసి లెక్కపెట్టి ఇచ్చేది కాదు. బిడ్డ నాలుక చాపడం, చేతులు నోటికి తెచ్చుకోవడం, తల అటూ ఇటూ తిప్పడం మొదలుపెట్టగానే ఇవ్వాలి. ఏడుపు ఆకలికి ఆఖరి గుర్తు, అప్పటికి బిడ్డ పట్టుకునే స్థితిలో ఉండదు. ఒక రొమ్ము పూర్తిగా తాగి వదిలాక రెండోది ఇవ్వండి. తర్వాతి విడత రెండోదానితో మొదలుపెట్టండి. సాయంత్రాలు వరసగా గంటకోసారి అడిగే పిల్లలు చాలామంది ఉంటారు. పాలు లేవని కాదు, మరుసటి రోజుకు ఎక్కువ కావాలని రొమ్ముకు కబురు పంపుతున్నారు. మొదటి రెండు వారాలు మూడు గంటలు దాటి నిద్రపోతుంటే లేపి ఇవ్వాలి. కామెర్లు వచ్చిన పిల్లలు మగతగా ఉంటారు కాబట్టి వీళ్లను మరీ జాగ్రత్తగా లేపాలి.

చాలుతున్నాయా లేదా అన్నది ఏడుపుతో తేల్చకండి. రొమ్ము మెత్తగా ఉందనీ, పిండితే కొన్ని చుక్కలే వచ్చాయనీ కూడా తేల్చకండి. పొత్తిగుడ్డలు చూడండి. మొదటి రోజు కనీసం ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, మూడో రోజు మూడుసార్లు మూత్రం పోయాలి. ఐదో రోజు నుంచి ఆరుసార్లకు తగ్గకూడదు, రంగు పల్చగా ఉండాలి. మలం మొదట నల్లగా తారులా, మూడో రోజుకు ఆకుపచ్చగా, ఐదో రోజుకు పసుపుగా మారాలి. మొదటి రెండు రోజుల్లో డైపర్‌లో ఇటుక పొడి రంగు మరక కనిపించడం మామూలే, నాలుగో రోజు తర్వాత కూడా కనిపిస్తే పాలు తక్కువ అందుతున్నట్టు.

బరువు మొదటి కొద్ది రోజుల్లో 7 శాతం వరకు తగ్గుతుంది. 10 శాతం దాటితే డాక్టరు చూడాలి. 10 నుంచి 14 రోజుల్లో పుట్టినప్పటి బరువుకు రావాలి, ఆ తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. తూకం వేసేటప్పుడు ఒకే కాటా, బట్టలు లేకుండా. ఆస్పత్రి కాటాకూ అంగన్‌వాడీ కాటాకూ ఉన్న తేడాకే హడలిపోయి డబ్బా మొదలుపెట్టినవాళ్లున్నారు.

ఎనిమిది గంటలు మూత్రం లేకపోయినా, లేపినా లేవకపోయినా, జ్వరం వచ్చినా, ఒళ్లు చల్లబడినా, మాడు లోపలికి పోయినా అదే పూట ఆస్పత్రికి వెళ్లాలి.

చేత్తో పాలు పిండడం

ప్రతి బాలింతకూ ఇది రావాలి. మొదటి మూడు రోజులు ముర్రుపాలు చిక్కగా, కొంచెంగా ఉంటాయి కాబట్టి పంపు గోడలకే అంటుకుపోతాయి. అప్పుడు చెయ్యే మేలు.

1. సబ్బుతో చేతులు కడుక్కోండి. ఒక స్టీలు గిన్నె, ఉగ్గుగిన్నె, చెంచా వేడినీళ్లలో 10 నిమిషాలు మరిగించి ఆరనివ్వండి. ముర్రుపాలకు సూది లేని 2 లేదా 5 మిల్లీలీటర్ల సిరంజి అయితే ఒక్క చుక్కా పోదు.

2. రొమ్మును ఒకటి రెండు నిమిషాలు అరచేతితో నెమ్మదిగా నిమరండి. బిడ్డ పక్కనే ఉంటే, లేదా బిడ్డ బట్ట వాసన చూసినా పాలు త్వరగా చేపుకు వస్తాయి.

3. బొటనవేలు చనుమొనకు పైన, చూపుడు, మధ్య వేళ్లు కింద, చనుమొన మొదలుకు 2 నుంచి 3 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. వలయం పెద్దగా ఉన్నవారికి వేళ్లు వలయం మీదే ఉంటాయి, చిన్నగా ఉన్నవారికి దాని బయట. కొలత చనుమొన నుంచే తీసుకోవాలి.

4. మొదట వేళ్లను వెనక్కి, ఛాతీ వైపు ఒత్తండి. ఆ తర్వాత ఒకదాని వైపు ఒకటి నొక్కండి. వదలండి. ఒత్తడం, నొక్కడం, వదలడం, ఈ వరస తప్పొద్దు. చర్మం మీద వేళ్లు జారకూడదు, చనుమొనను లాగకూడదు. జారితే చర్మం కమిలిపోతుంది, పాలూ రావు.

5. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ రాకపోవచ్చు, ఆపకండి. ధార తగ్గాక వేళ్లను గడియారం ముళ్లలా కొంచెం తిప్పి మరో చోట నొక్కండి, అన్ని వైపులా ఖాళీ అవుతుంది.

6. ఒక్కో వైపు 3 నుంచి 5 నిమిషాలు, తర్వాత రెండో వైపు, మళ్లీ మొదటి వైపు. మొత్తం 20 నుంచి 30 నిమిషాలు.

నొప్పి పుడితే మీ వేళ్లు చనుమొనకు మరీ దగ్గరగా ఉన్నాయి, లేదా చర్మాన్ని రుద్దుతున్నారు.

బిడ్డ నెలలు నిండకుండా పుట్టి ఐసీయూలో ఉంటే పుట్టిన గంటలోపు, ఎలాగైనా ఆరు గంటల్లోపు పిండడం మొదలవ్వాలి. రోజుకు 8 నుంచి 10 సార్లు, రాత్రి కనీసం ఒకసారి. ఇంకా నోటితో తాగలేని బిడ్డ కోసం ఎందుకు అని మానేస్తే రెండు వారాల తర్వాత మొదలుపెట్టినా అంత పాలు తెచ్చుకోవడం చాలా కష్టం. పాలు పొంగాక మంచి పంపు వాడొచ్చు, చివర్లో మళ్లీ చేత్తో పిండితే ఇంకొన్ని వస్తాయి. పంపు గరాటా చనుమొనకు సరిపోవాలి. రుద్దుకుంటుంటే అది చిన్నది, చుట్టూ వలయమంతా లోపలికి లాక్కుంటుంటే పెద్దది.

నిల్వ, పట్టించడం

పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర 4 రోజులు, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో 6 నెలలు బాగుంటాయి. మే నెలలో మన ఇళ్లలో గది 35 దాటుతుంది, అక్కడ 4 గంటల లెక్క చెల్లదు. పిండిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. తలుపు అరలో కాదు, లోపల వెనక వైపు. మూత ఉన్న స్టీలు లేదా గాజు సీసాలో 60 నుంచి 120 మిల్లీలీటర్ల చొప్పున, తేదీ, సమయం రాసి. కొత్తగా పిండిన వెచ్చటి పాలను చల్లటి పాలలో కలపకండి, చల్లబడ్డాక కలపండి.

వెచ్చబెట్టడానికి గిన్నెను గోరువెచ్చటి నీళ్లలో ఉంచితే చాలు. పొయ్యి మీద కాచొద్దు, మైక్రోవేవ్ వద్దు, అక్కడక్కడా మరిగి బిడ్డ నోరు కాలుతుంది. మీగడ పైకి తేలి ఉంటే చెడిపోయినట్టు కాదు, మెల్లగా తిప్పితే కలుస్తుంది. బిడ్డ ఎంగిలి చేసిన పాలు 2 గంటల్లో వాడాలి, లేకపోతే పారబోయాలి. కరిగించినవి 24 గంటలు ఫ్రిజ్‌లో ఉంటాయి, మళ్లీ గడ్డకట్టించకూడదు. ఐసీయూ బిడ్డ విషయంలో ఆ యూనిట్ వాళ్లు చెప్పిన లెక్కే పాటించండి.

మొదటి నెల పాలసీసా బదులు ఉగ్గుగిన్నె వాడండి. బిడ్డను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, గిన్నె అంచు కింది పెదవికి ఆనించి, పాలు పెదవికి తగిలేంత వంచండి. గొంతులో పోయొద్దు, బిడ్డ నాలుకతో తనే తీసుకుంటుంది. పడుకోబెట్టి పోస్తే పొలమారుతుంది.

రొమ్ములు గడ్డకట్టినప్పుడు

మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య రొమ్ములు బరువెక్కి, రాయిలా గట్టిపడి, సలుపుతాయి. అది కేవలం పాలు కాదు, కణజాలంలో చేరిన నీరు కూడా. సిజేరియన్‌లో సెలైన్ ఎక్కువ ఎక్కినవారికి ఇంకా ఎక్కువ. వేడి కాపడం పెట్టి గట్టిగా మర్దనా చేయడం మన దగ్గర అలవాటు, దానివల్ల వాపు పెరుగుతుంది. గుడ్డలో చుట్టిన ఐసు 10 నుంచి 15 నిమిషాలు పెట్టండి. తాగించే ముందు వేళ్ల కొనలతో చనుమొన చుట్టూ ఒక నిమిషం పాటు ఛాతీ వైపు నిదానంగా ఒత్తి పట్టుకోండి. వలయం మెత్తబడి బిడ్డ నోటికి అందుతుంది. ఇంకా అందకపోతే మెత్తబడే మేరకు మాత్రమే పిండండి. పూర్తిగా ఖాళీ చేయాలని గంటగంటకూ పిండితే రొమ్ము ఇంకా ఎక్కువ తయారు చేస్తుంది. నొప్పికి పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ పాలిచ్చే తల్లులు వాడదగినవే. బీపీ, కిడ్నీ, అల్సర్ ఉంటే ఐబుప్రొఫెన్‌కు ముందు డాక్టరును అడగండి.

ఒకవైపు త్రికోణపు ముక్కలా ఎర్రబడి, వేడిగా ఉండి, 38.5 డిగ్రీల జ్వరం, చలి వస్తే అది రొమ్ము వాపు. పాలివ్వడం ఆపకండి, ఆ పాలు బిడ్డకు హాని చేయవు, ఆపితే తల్లికే చీము పట్టే ప్రమాదం. 24 గంటల్లో తగ్గకపోతే యాంటీబయాటిక్ అవసరమో కాదో డాక్టరు చూడాలి, రాసిస్తే కోర్సు పూర్తి చేయాలి. కోర్సు వాడుతున్నా గడ్డ మిగిలితే అల్ట్రాసౌండ్ తీయించాలి. చీము గడ్డ అయితే చాలాసార్లు సూదితో తీసేయొచ్చు, కోత అక్కర్లేదు.

పగిలిన చనుమొనకు ముందు పట్టు సరిచేయాలి. తాగాక చుక్క పాలు రాసి ఆరనివ్వండి. సబ్బు వద్దు.

నిజంగానే తక్కువైతే

గర్భసంచిలో మాయ ముక్క మిగిలిపోవడం, కాన్పులో రక్తం ఎక్కువ పోవడం, థైరాయిడ్, బిడ్డ నాలుక కింద పొర బిగుతుగా ఉండటం, ఇవి వెతకాల్సిన కారణాలు. ఐదో రోజు దాకా పాలు పొంగకుండా రక్తస్రావం ఎక్కువగా ఉంటే మాయ ముక్క సంగతి స్కాన్‌తో చూడాలి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు కూడా పాలు తగ్గిస్తాయి.

పై నుంచి పాలు పట్టాల్సి వస్తే ముందు మీరు పిండినవి, అవి చాలకపోతే తల్లిపాల నిధి (ఇతర తల్లులు దానమిచ్చిన పాలు దాచే చోటు) నుంచి, ఆఖరున డబ్బా పాలు. ఆసియాలో మొదటి తల్లిపాల నిధి 1989లో ముంబయి సయన్ ఆస్పత్రిలో మొదలైంది, హైదరాబాద్ నీలోఫర్ ఆస్పత్రిలోనూ ఉంది. అక్కడ పాలను 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడిచేసి పరీక్షించాకే ఇస్తారు, అవి ముందు నెలలు నిండని పిల్లలకు అందుతాయి. ఏది పట్టించినా, పట్టించిన ప్రతిసారీ రొమ్ము కూడా పిండాలి. ఆ పని వదిలేస్తే పై పాలు ఎప్పటికీ మానలేరు.

తల్లి తిండి విషయంలో ఒక్క మాట. మొదటి ఆరు నెలలు రోజుకు సుమారు 600 కేలరీలు అదనంగా కావాలి. కారప్పొడి అన్నం, వెల్లుల్లి తినొచ్చు, కానీ పథ్యం పేరుతో పప్పు, గుడ్డు, కూరలు, పెరుగు మాన్పించి, నీళ్లు కొలిచి ఇస్తే ఒంట్లో సత్తువ పోతుంది. దాహం వేసినంత నీళ్లు తాగండి. ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత 180 రోజులు, కాల్షియం డాక్టరు చెప్పినట్టు. బిడ్డకు మొదటి రోజుల నుంచి రోజుకు 400 ఐయూ విటమిన్ డి చుక్కలు. ఆరు నెలల దాకా నీళ్లు కూడా వద్దు, ఎండాకాలంలో కూడా.

మాన్పించేటప్పుడు

రెండేళ్లూ, ఆ పైనా ఇవ్వొచ్చు. ఉద్యోగానికి వెళ్లేవారికి ప్రసూతి సెలవుల చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. చేరడానికి రెండు మూడు వారాల ముందునుంచే పిండి దాచడం మొదలుపెట్టండి.

చనుమొనకు వేపాకు ముద్ద రాసి ఒక్క రోజులో మాన్పిస్తే రొమ్ములు గడ్డకడతాయి. గట్టిగా గుడ్డ బిగించినా అంతే. నాలుగైదు రోజులకో విడత చొప్పున తగ్గించండి, రాత్రి పడుకునే ముందు విడత ఆఖరున మానాలి. పాలు చేసిన తిత్తులు కొన్ని నెలల్లో కుంచించుకుపోతాయి, అప్పటిదాకా నొక్కితే రెండు చుక్కలు రావడం మామూలే. నొక్కకుండానే ఒక్క వైపు నుంచి రక్తం కలిసిన స్రావం వచ్చినా, పాలిచ్చే రోజుల్లో కనిపించిన గడ్డ రెండు వారాల్లో కరగకపోయినా "పాల గడ్డే" అని వదిలేయకుండా అల్ట్రాసౌండ్ తీయించండి. స్కాన్ కోసం పాలివ్వడం ఆపాల్సిన పని లేదు, తాగించి వెళితే చాలు.